ఎంతసేపు అని కాదు, ఎక్కడిది అని అడగండి

తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు, సభ్యులకు ఒక డిగ్రీ విద్యార్థిని బహిరంగ లేఖ



మాది రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలం సురంగల్. రోజూ మెయిన్ రోడ్డు మీదికి వచ్చి, మెహిదీపట్నం బస్సెక్కి నగరంలో బీకాం చదువుకుంటున్నాను. ఇప్పుడు రెండో సంవత్సరం. పోయిన ఏడాది మా తెలుగు మేడం తరగతిలో ఒక పని ఇచ్చారు. పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏం చదివామో, ఏం చూశామో, ఏం విన్నామో ఒక వారం పాటు నోటు పుస్తకంలో రాసి తెమ్మన్నారు. పేపరు, టీవీ, రేడియో, ఫోను, అన్నీ. మార్కులేమీ లేవు. వారం కాగానే అందరం చూపించేశాం. నేను మాత్రం ఆ తర్వాత కూడా రాయడం ఆపలేదు. ఆ పుస్తకంలో కనిపించింది మీ ముందు పెట్టి ఒకటి అడుగుదామని ఈ ఉత్తరం.

అడిగేది ముందే చెప్పేస్తాను. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే ప్రతి విద్యార్థీ ఇలాంటి పుస్తకం ఒకటి రాసేలా చూడండి. మన డిగ్రీలో నైపుణ్య కోర్సులు ఎలాగూ ఉన్నాయి. వాటిలో ఒక చిన్న కోర్సుగా దీనికి చోటివ్వండి. అయితే ఆ పుస్తకం ‘ఎంతసేపు ఫోన్ చూశావు’ అని పిల్లల్ని నిలదీసేది కాకూడదు. మేము చూసేది ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు పంపుతున్నారు, అందులో మా ఊరు ఉందా లేదా అన్నది మాకు తెలియజెప్పేది కావాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని రాస్తూ రాస్తూనే తెలుసుకున్నాను.

ఫోన్ గురించి పెద్దవాళ్లు మాతో మాట్లాడితే గంటల గురించే మాట్లాడతారు. ఇంట్లో అంతే, కాలేజీ సభల్లోనూ అంతే. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా బస్సులో కూడా ఇదే చర్చ. మన దగ్గరా అలాంటిది రావాలని కొందరన్నారు. పదహారేళ్ల లోపు వాళ్ల సంగతి వేరు, అది చర్చించాల్సిందే. కానీ నాలాగా డిగ్రీలో చేరేవాళ్లకు పదిహేడు, పద్దెనిమిది నిండుతాయి. మాకు ఇక ఎవరూ తలుపు వేయరు. లోపలికి వెళ్లినప్పుడు ఎక్కడున్నామో తెలిసే దారి ఒకటి కావాలి.

మొదట్లో నేనూ గంటలే రాశాను. పేజీని అరగంట గళ్లుగా గీసుకున్నాను. ఆ పద్ధతి నేను పుట్టించింది కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ మళ్లీ 2024లోనూ దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. అడిగే రోజుకు ముందు రోజు తెల్లవారుజాము 4 గంటల నుంచి అడిగే రోజు తెల్లవారుజాము 4 గంటల దాకా ఉన్న 24 గంటల్ని అరగంట ముక్కలు చేసి, ఆరేళ్లు, ఆపై వయసున్న వాళ్లు ఏ ముక్కలో ఏం పని చేశారో ఇంటింటికీ వెళ్లి రాసుకున్నారు. సంస్కృతి, తీరిక, ప్రసార మాధ్యమాలు, ఆటలు అన్నీ కలిపిన పద్దుకు మన రోజులో 2019లో 9.9 శాతం పోయేది, 2024లో అది 11 శాతమైంది. దేశం మొత్తానికి ఇది మంచి లెక్క. మనుషులు నిజంగా ఎలా బతుకుతున్నారో ఇంత ఓపిగ్గా అడిగి రాసుకున్నందుకు ఆ సర్వే చేసినవాళ్ల మీద నాకు గౌరవం.

కానీ అరగంట గడిలో వంట పడుతుంది, పొలం పని పడుతుంది, టీవీ సీరియల్ పడుతుంది. ఫోను పట్టదు. అది అరగంటగా రాదు. పప్పు కుక్కర్ రెండో విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య వస్తుంది. బస్సు అప్పా జంక్షన్ దగ్గర ఆగినప్పుడు వస్తుంది. అకౌంటెన్సీలో ఒక లెక్క తేలక పెన్ను కింద పెట్టినప్పుడు వస్తుంది. ఏ గడిలోనూ ముఖ్యమైన పని అది కాదు, అన్ని గళ్లలోనూ ఉంది.

అమ్మ విషయంలో గళ్లు ఇంకో రకంగా తప్పాయి. అడిగితే, ‘రాత్రి సీరియల్ చూస్త గద’ అంటుంది. కొన్ని సాయంత్రాలు అమ్మ పక్కనే ఉండి గమనించాను. అమ్మ సీరియల్ చూడదు, వింటుంది. టీవీ ముందు గదిలో ఉంటే అమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది. ఎవరో గట్టిగా ఏడ్చినప్పుడో, కొత్త గొంతు వినిపించినప్పుడో చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా వచ్చి, ఒక చూపు చూసి వెళ్లిపోతుంది. 2024 సర్వేలోనే ఉంది, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లకు రోజుకు 289 నిమిషాలు పడుతుంటే మగవాళ్లకు 88 నిమిషాలే. ఆ అంకె చదివినప్పుడు గుమ్మంలో నిలబడ్డ అమ్మే నాకు కనిపించింది. మీడియా వాడకం అని మనం రాసుకునే ప్రతి నిమిషం వెనక, ఆ మనిషికి కూర్చునే హక్కు ఉందా లేదా అన్న సంగతి కూడా ఉంటుంది. అందుకే నా పట్టికలో ‘కూర్చుని చూశానా, పని చేస్తూ విన్నానా’ అని ఒక గడి చేర్చాను.

ఫోనే లెక్క చెబుతుంది కదా, చేత్తో రాయడమెందుకు అని నా స్నేహితురాళ్లు అడిగారు. నిజమే. 2018లో గూగుల్ వాళ్లు ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ పెట్టారు, అదే ఏడాది ఆపిల్ ఫోన్లలో స్క్రీన్ టైమ్ వచ్చింది. ఏ యాప్ ఎన్ని నిమిషాలో అవి నిమిషం తప్పకుండా చూపిస్తాయి. మన జ్ఞాపకం కన్నా ఆ లెక్క నయం, అందులో సందేహం లేదు. మనుషులు తమ వాడకం గురించి తాము చెప్పే అంచనాకూ, ఫోన్‌లో నమోదైన లెక్కకూ పొంతన అంతంత మాత్రమేనని 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో డగ్లస్ ప్యారీ, ఆయన సహచరులు చూపించారు. ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి తేల్చిన మాట అది. అంటే మమ్మల్ని ‘రోజుకు ఎన్ని గంటలు చూస్తావు’ అని అడిగి, మేము చెప్పిన అంకె మీద ప్రసంగాలు చేయడంలో పెద్దగా అర్థం లేదు.

అయితే ఫోన్ చెప్పే నిమిషాలకు కూడా కళ్లు లేవు. మా నాయిన పూలు పండిస్తాడు. బంతి, చామంతి రాత్రికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వేస్తాడు. ఏ పువ్వు ఎంత పలికిందో పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. ఆయన వాట్సాప్ నిమిషాలు, పెళ్లి ఊరేగింపు వీడియో నాలుగు గ్రూపుల్లో పంపే మా తమ్ముడి వాట్సాప్ నిమిషాలు, పరీక్ష ముందు రోజు సీనియర్ పంపిన నోట్సు నేను చదువుకున్న నిమిషాలు ఫోను దృష్టిలో ఒక్కటే. అన్నీ ఆకుపచ్చ గుర్తు కింద పడిపోతాయి. యూట్యూబూ అంతే. వ్యయ గణన పాఠం నాకు అక్కడే అర్థమైంది. అక్కడే, అదే రాత్రి, ఎందుకు చూశానో తెలియనివి కూడా చూశాను. ఆ రెంటినీ కలిపి ఒక అంకె చేసి ‘ఇది నీ వ్యసనం’ అంటే నేను ఒప్పుకోను. అసలు ఆ అంకెకు మార్చే శక్తి కూడా లేదు. ఎక్కువ వచ్చిన రోజు సిగ్గు పడతాం, తక్కువ వచ్చిన రోజు సంతోషిస్తాం, మర్నాడు మళ్లీ మామూలే.

అందుకని నిమిషాల గడి తీసేసి దాని స్థానంలో ‘నేనుగా వెళ్లానా, పిలిస్తే వెళ్లానా’ అని రాయడం మొదలుపెట్టాను. నన్ను ఎక్కువగా మార్చింది ఈ గడే. ఒక పాఠం కోసమో, ఒక మాట చెప్పడానికో ఫోన్ తీస్తే నేనుగా వెళ్లినట్టు. గంట మోగితేనో, ఎర్ర చుక్క కనిపిస్తేనో, ఒక వీడియో అయ్యీ అవ్వగానే ఇంకోటి తనంతట తనే మొదలైతేనో పిలిస్తే వెళ్లినట్టు. నా పేజీల్లో రెండో రకమే ఎక్కువ. పైగా చాలాసార్లు మొదటి రకంగా వెళ్లి రెండో రకంలో తేలాను. పేజీ కిందికి వెళ్తున్న కొద్దీ అంతు లేకుండా కొత్తది వచ్చి చేరే ఏర్పాటును ఏజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో తయారు చేశాడు. తర్వాత ఆయనే దాని గురించి బాహాటంగా బాధ పడ్డాడు. పేపరుకు చివరి పేజీ ఉంది. వార్తల బులెటిన్‌కు ముగింపు ఉంది. ఆకాశవాణిలో ‘ఇంతటితో సమాప్తం’ అని ఒక మనిషి చెబుతారు. ఫోన్‌లో ఆ మాట చెప్పేవాళ్లను తీసేశారు. ఇది నా బలహీనత మాత్రమే కాదు, ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పని అని తెలిశాక నాలో సిగ్గు తగ్గింది, పట్టుదల పెరిగింది. ఇంకే ప్రసంగమూ నాకు ఆ మేలు చేయలేదు.

ఇక అసలు విషయం. కొన్నాళ్లు పోయాక ఇంకో గడి గీశాను. ‘ఇది ఎక్కడిది?’ చూసిన ప్రతిదానికీ అది ఏ ఊరి సంగతో, ఏ ఊరి మనుషులు చేసిందో తెలిసినంత వరకు రాయాలి. ముంబై, హైదరాబాద్, అమెరికా, కొరియా, పేరు తెలియని ఏదో నగరం. ఆ గడి నిండుతున్న కొద్దీ నాకు భయమేసింది. నేను పుట్టి పెరిగిన మొయినాబాద్, చేవెళ్ల మండలాలు నా పుస్తకంలో దాదాపు రెండు రకాలుగానే వచ్చాయి. ఒకటి భూమి అమ్మకం, రెండు చావు.

భూమి అమ్మకం రోజూ వస్తుంది. నేను ఎక్కడుంటానో ఫోనుకు తెలుసు కాబట్టి ప్లాట్లు, ఫామ్‌హౌస్ స్థలాలు, విల్లాలు చూపిస్తూనే ఉంటుంది. డ్రోన్‌తో తీసిన పచ్చటి పొలాలు, మీద సంగీతం, కింద గజం ధర. బస్సు కిటికీలోంచి చూస్తే హోర్డింగుల మీద కూడా అవే. హోర్డింగ్ కూడా మీడియానే అని మేడం చెప్పారు కాబట్టి అవీ రాశాను. ఆ వీడియోల్లో చాలావాటిలో 111 జీవో ప్రస్తావన ఉంటుంది. ఒకరు అది పోయిందంటారు, ఒకరు ఉందంటారు, ఒకరు ఇప్పుడే కొనుక్కోవాలి అంటారు. దాని అసలు సంగతి ఏమిటో ఏ ఒక్కరూ చెప్పరు. నేనే వెతుక్కుని చదివాను. 1996 మార్చి 8న అప్పటి ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అది. మూసీ మీద 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో కట్టిన హిమాయత్‌సాగర్ జలాశయాల్లోకి మురుగు చేరకుండా, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల లోపు 84 ఊళ్లలో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు హద్దులు పెట్టింది. మా మండలంలోని ఊళ్లు చాలావరకు ఆ జాబితాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఇచ్చి ఆ ఆంక్షల్ని షరతులతో సడలించారు. మా ఊళ్ల భవిష్యత్తు అంతా ఈ కాగితాల చుట్టూ తిరుగుతోంది. అయినా పుట్టి బుద్ధెరిగాక నేను వాటిని తెరిచి చదివింది ఈ పుస్తకం రాయడం మొదలుపెట్టాకే. రోజూ నా కళ్ల ముందుకు వచ్చిన వందలాది దృశ్యాల్లో ఒక్కటి కూడా నన్ను అక్కడికి తీసుకెళ్లలేదు.

ఆ గడి నాయినకు చూపించాను. ఆయన పెద్దగా చదువుకోలేదు, అయినా తీరిగ్గా ఒక్కో పేజీ తిప్పాడు. ‘మనం పండించే పూలు ఫోన్ల ఎన్నడు రాలే గని బిడ్డా, పూలు పండే జాగ మాత్రం రోజు వస్తది’ అన్నాడు. ఇన్నాళ్లు రాసి నేను చెప్పలేకపోయింది ఆయన చెప్పాడు.

రెండోది చావు. 2025 నవంబరు 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పరు ఢీకొట్టింది. 19 మంది పోయారు. వాళ్లలో నా ఈడు వాళ్లు, కాలేజీలకు బయల్దేరిన పిల్లలు ఉన్నారు. మేమంతా ఆ రోడ్డు మీదే, అలాంటి బస్సుల్లోనే తిరుగుతాం. ఆ రోజు నా పుస్తకంలో రాయడానికి చోటు చాలలేదు. అవే దృశ్యాలు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు, స్టేటస్ నుంచి స్టేటస్‌కు, కింద ఏడుపు పాట పెట్టి మళ్లీ మళ్లీ. పంపుతున్నవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, అందరికీ గుండె తరుక్కుపోయింది. కానీ చనిపోయినవాళ్ల ఇళ్లలో కూడా ఫోన్లు ఉన్నాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకూ అప్పుడు రాలేదు, రాత్రి పుస్తకం ముందు కూర్చుని ‘ఎవరు చూస్తే ఎలా ఉంటుంది’ అని ఇంకో గడి గీసి రాసుకుంటున్నప్పుడు వచ్చింది.

వారం తిరిగేసరికి మా రోడ్డు నా ఫోన్‌లోంచి మాయమైంది. నిజానికి అప్పుడే మాట్లాడాల్సింది ఎంతో ఉంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు, పేరుకు 163వ నంబరు జాతీయ రహదారి. ఇన్నేళ్లుగా ఎందుకు ఇరుకుగా ఉండిపోయింది? రోడ్డు పొడవునా తొమ్మిది వందలకు పైగా పాత మర్రి చెట్లు ఉన్నాయి, వాటిని కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చెట్లూ ఉండాలి, మనుషులూ ప్రాణాలతో ఇంటికి చేరాలి అంటే ఏ మలుపులో ఏం చేయాలి? కంకర టిప్పర్లు ఎంత బరువుతో, ఏ వేళల్లో తిరుగుతున్నాయి? ఆ మర్రి నీడల కింద నుంచి రోజూ వెళ్లే నాకు ఈ ప్రశ్నల మీద నిలబడి రాసిన నాలుగు పేజీలు దొరికితే ఎంత బాగుండేది! పేపర్లలో కొన్ని వచ్చాయి, జిల్లా పేజీల్లో. అవి నా దాకా రాలేదు. అక్కకో అన్నకో ఉద్యోగం చూసుకోవడానికి ఎవరైనా పేపరు కొంటే తప్ప మా వాడలో పేపరు రాదు. ఫోన్‌లో వచ్చేది ఢీకొన్న ఆ ఒక్క క్షణమే. దానికి ముందు ఇరవై ఏళ్లు లేవు, తర్వాత రోజులు లేవు.

అందుకే అంటున్నాను, గంటల లెక్క మాకు ఈ సంగతి చెప్పదు. నేను రోజుకు అరగంటే ఫోన్ చూసినా, ఆ అరగంటలో నా ఊరు అమ్మకపు సరుకుగానో శవాల కుప్పగానో మాత్రమే కనిపిస్తే అది నన్ను నా ఊరికి దూరం చేస్తుంది. గంటసేపు చూసినా, ఆ గంటలో మా నీళ్ల గురించీ, రోడ్డు గురించీ, పూల ధర గురించీ తెలుసుకుంటే అది నాకు చదువే.

మాధ్యమంలో మనం లేకపోతే లెక్క తీసి చూపించడం ఈ నేలకు కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టు రాయలేదు, లెక్క తీశారు. ఊరూరా ఉత్తరాలు రాసి, రచనలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఎవరు ఎక్కడి వారో ఆ సంచికలో ఉంది. అంటే ఆయన కూడా ‘ఎక్కడిది’ అన్న గడినే నింపారు. ఇంకా దగ్గరి కాలంలో, జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనాలు, పాత పంటలు, పండగ పాటలు, ఇంటి వైద్యం, అన్నీ వాళ్ల గొంతులోనే. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు మైకు పట్టుకుని తమ ఊరిని తామే వినిపించారు. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ వచ్చాక గంగవ్వ మాట ప్రపంచమంతా విన్నది, మా ఇంట్లో అవ్వకు ఆమె అంటే ప్రాణం. అంటే ఫోన్‌లో మన ఊళ్లకు చోటు లేదని కాదు. ఎవరో పూనుకుంటే ఉంది.

ఈ పుస్తకాన్ని డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఎందుకు పెట్టాలంటున్నానో చెబుతాను. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లను పిల్లలుగా లెక్కిస్తుంది. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్ల కదలికల్ని వెంటాడి చూడకూడదని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు పంపకూడదని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. ఆ రక్షణ పద్దెనిమిదో పుట్టినరోజుతో అయిపోతుంది. సరిగ్గా అదే ఏడాది మేము డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో సీటు తెచ్చుకుని మీ దగ్గరికి వస్తాం. ఆ రోజు నుంచి మా గురించి కంపెనీలు రాసుకునే పుస్తకానికి హద్దులు తగ్గుతాయి. మేము ఏం చూశామో, ఎంతసేపు ఆగామో, ఎక్కడ ఉన్నామో అన్నీ అందులో ఉంటాయి. మా గురించి అంత పెద్ద పుస్తకం ఎవరి దగ్గరో ఉన్నప్పుడు, మా గురించి మేము రాసుకున్న చిన్న పుస్తకం ఒకటి మా దగ్గర ఉండొద్దా? గూగుల్ ఖాతాలోంచి మన చరిత్రను మనమే దించుకోవచ్చని కూడా నాకు ఈ పనిలోనే తెలిసింది. దించుకుని, నా రాతలతో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నేను మరిచిపోయినవన్నీ అక్కడ ఉన్నాయి. ఎందుకు చూశానన్నది మాత్రం నా పుస్తకంలోనే ఉంది.

డిగ్రీకి వచ్చేసరికి ఫోన్ నేర్పాల్సిన పని ఉండదు. చదువుల మీద వచ్చే అసర్ నివేదిక 2024లో చెప్పిన ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవాళ్లే. ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడామని 57 శాతం మంది చెబితే, సోషల్ మీడియాకు వాడామని 76 శాతం మంది చెప్పారు. వాడటం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. చూసినదాన్ని నిలిపి చూడటం మాత్రం తనంతట తను రాదు, నాకూ రాలేదు.

కోర్సు ఎలా ఉండాలో చెప్పేంత దాన్ని కాను. అయినా రాసిన అనుభవంతో కొన్ని విన్నవించుకుంటాను. అన్నిటికంటే ముందు, పుస్తకం విద్యార్థిదే కావాలి. లెక్చరరు చూడకూడదు, ఇంటికి పంపకూడదు. పిల్లలు అందులోంచి తాము తెలుసుకున్నది ఒకటి రెండు పేజీలు రాసి ఇస్తే, దానికి మార్కులు వేయండి. ఈ విషయంలో దయచేసి మెత్తబడకండి. మా ఊళ్లలో ఆడపిల్ల చేతికి ఫోన్ రావడమే కష్టం. ‘ఎవరితో మాట్లాడావు, ఏం చూశావు’ అని రాసిన పుస్తకం ఇంట్లో ఎవరి కంటైనా పడితే ఫోనే కాదు, చదువే ఆగిపోయే ఇళ్లు ఉన్నాయి. అలాంటి పుస్తకంలో ఎవరూ నిజం రాయరు. నిజం రాయనప్పుడు ఈ పని మొత్తం దండగ. అలాగే దీన్ని యాప్‌గా మార్చి మా ఫోన్లలో పెట్టమనకండి. మమ్మల్ని గమనించే యాప్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి. కాగితం, పెన్ను చాలు. చేత్తో రాసేటప్పుడు పట్టే ఆ కాస్త ఆలస్యంలోనే ఆలోచన వస్తుంది.

‘ఎక్కడిది’ అన్న గడి మాత్రం తప్పక ఉండాలి. పేర్లు లేకుండా ఆ ఒక్క గడిని కాలేజీల నుంచి సేకరిస్తే, ఆదిలాబాద్ నుంచి గద్వాల దాకా మా ఈడు పిల్లలు రోజూ చూసేదాంట్లో ఏ ప్రాంతాలు ఉన్నాయి, ఏవి అసలే లేవు అన్నది మీకు తెలుస్తుంది. మండలి చేతిలో అలాంటి పటం ఒకటి ఉంటే, కాలేజీ గ్రంథాలయాలకు ఏ పత్రికలు తెప్పించాలో, ఎక్కడ క్యాంపస్ రేడియో పెట్టాలో, ఏ భాషల్లో పాఠాలు చేయాలో నిర్ణయించడానికి పనికొస్తుంది. కోర్సు చివర్లో ప్రతి విద్యార్థీ తన పుస్తకంలో కనిపించకుండా పోయిన తన ఊరి విషయం ఒకటి తీసుకుని, నలుగుర్ని అడిగి, కాగితాలు చదివి, రాయాలి. అది పేపర్లో వచ్చినా సరే, కాలేజీ గోడ మీద అంటించినా సరే. నేను మా దగ్గరి పూల రైతుల గురించి రాస్తున్నాను. మొగ్గ తెంపిన దగ్గర నుంచి గుడిమల్కాపూర్‌లో అడ్తిదారు చేతికి వెళ్లేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ధర ఎక్కడ పడుతుందో. నాయిన చెబుతుంటే రాసుకుంటున్నాను. ఇప్పటికి సగం అయింది.

2010లో అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని 24 గంటలు ఏ మీడియా లేకుండా ఉండమని అడిగింది. తర్వాత ఐదు ఖండాల్లో పది దేశాల పిల్లలతో, దాదాపు వెయ్యి మందితో అదే చేయించారు. మీలో ఎవరైనా అలాంటి ఉపవాసం మా చేత చేయించాలని అనుకుంటే నాకు అభ్యంతరం లేదు, కానీ దానితో సరిపెట్టకండి. ఒక రోజు మానేస్తే ఏం కోల్పోతామో తెలుస్తుంది. రోజూ వచ్చేదాంట్లో ఏం లేదో తెలియాలంటే రాయాల్సిందే.

వచ్చే విద్యా సంవత్సరానికి పాఠ్య ప్రణాళికలు ఖరారు చేసే ముందు దీన్ని ఒక్క జిల్లాలోనైనా మొదలుపెట్టి చూడండి. రాష్ట్రమంతా ఒకేసారి కుదరదంటే మా చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీలతోనే మొదలుపెట్టండి. మా మేడం ఇచ్చిన పట్టికకు నేను చేర్చుకున్న గళ్లతో కలిపి, స్కేలుతో గీసిన ఖాళీ పేజీ ఒకటి ఈ లేఖతో జత చేస్తున్నాను. ఏం చూశాను, నేనుగా వెళ్లానా పిలిస్తే వెళ్లానా, కూర్చునా పని చేస్తూనా, ఎక్కడిది, ఎవరు చూస్తే ఎలా ఉంటుంది. ఐదు గళ్లే. నిమిషాలకు గడి లేదు.

ఇట్లు,
బీకాం రెండో సంవత్సరం విద్యార్థిని,
సురంగల్, మొయినాబాద్ మండలం,
రంగారెడ్డి జిల్లా.

జతపరిచినది: ఖాళీ పట్టిక, ఒక పేజీ.